వీడియో మీద కాపీరైట్ పడితే: క్లెయిమ్ నుంచి కోర్టు దాకా ఏ మెట్టులో ఏం చేయాలి

"కాపీరైట్ పడింది" అనే ఒక్క మాటలో మన యూట్యూబర్లు నాలుగు వేర్వేరు సంగతులు కలిపేస్తుంటారు. యూట్యూబ్ యంత్రం తనే వేసే కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేరు, ఛానల్ మీద పడే స్ట్రైక్ వేరు, లాయర్ నోటీసు వేరు, సైటునే బ్లాక్ చేయించే కోర్టు ఉత్తర్వు వేరు. ఒక్కోదానికి గడువు వేరు, ఫారం వేరు, పొరపాటు చేస్తే జరిగే నష్టం కూడా వేరే. క్లెయిమ్‌కి భయపడి వీడియో తీసేసేవాళ్లున్నారు. స్ట్రైక్‌ని తేలిగ్గా తీసుకుని ఛానల్ పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. వచ్చిన మెయిల్ ఏమిటో సరిగ్గా చదవకపోవడమే ఇద్దరి తప్పూ.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉండాలి. ఈ యంత్రాంగమంతా అవతలివాడు నోరెత్తడన్న ధీమాతో నడుస్తుంది. యూట్యూబ్ స్వయంగా ప్రకటించిన లెక్క ప్రకారం 2021 మొదటి ఆరు నెలల్లో కంటెంట్ ఐడీ క్లెయిమ్‌లు 72 కోట్లు దాటాయి. వాటిలో అభ్యంతరం వచ్చినవి సుమారు 37 లక్షలు, అంటే ఒక్క శాతం కూడా లేవు. ఆ అభ్యంతరాల్లో దాదాపు 60 శాతం వీడియో పెట్టినవాళ్ల వైపే తేలాయి. అలాగని మిగతావాళ్లంతా అడిగి ఉంటే నెగ్గేవాళ్లని కాదు. చాలా క్లెయిమ్‌లు న్యాయమైనవే. కానీ న్యాయం తమ వైపే ఉన్నా అడగకుండా వదిలేసినవాళ్లు ఎందరో ఆ లెక్కలో కనిపించరు.

కొత్త సినిమా మొత్తం ఎక్కించేవాళ్లకు ఈ మార్గదర్శి పనికిరాదు. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఐబొమ్మ అనే సినిమా పైరసీ సైటు వ్యవహారంలో చేసిన అరెస్టు లాంటివి క్రిమినల్ కేసులు. వాటి దారి వేరు. ఇది సమీక్షకులకు, పాడుకునేవాళ్లకు, పెళ్లి వీడియోగ్రాఫర్లకు, చిన్న వార్తా ఛానళ్లకు, సొంత సైటు నడిపేవాళ్లకు.

మొదటి మెట్టు: వచ్చింది ఏమిటో తేల్చుకోండి

మెయిల్‌లో ఉన్న లింకు నొక్కవద్దు. యూట్యూబ్ స్టూడియో మీరే తెరిచి, కంటెంట్ పేజీలో ఆ వీడియో ఎదురుగా రిస్ట్రిక్షన్స్ వరసలో ఏముందో చూడండి. అక్కడ ఏమీ లేకుండా "మీ ఛానల్‌కి స్ట్రైక్, వివరాలు జతచేసిన ఫైల్లో" అని మెయిల్ వచ్చిందంటే అది ఛానల్ కొట్టేయడానికి వేసిన గాలం. ఆ ఫైలు తెరిస్తే బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్న సెషన్‌నే దొంగిలించే ప్రోగ్రాములు ఉంటాయి. పాస్‌వర్డ్ మార్చినా అప్పటికే ఆలస్యం అయిపోవచ్చు.

స్టూడియోలో కనిపించేది కంటెంట్ ఐడీ క్లెయిమ్ అయితే, అది ఒక ఆటోమేటిక్ పోలిక. హక్కుదారు ముందే ఇచ్చిన నమూనా ఫైలుతో మీ ధ్వనో, దృశ్యమో, బాణీయో సరిపోయిందని అర్థం. దాని ఫలితం మూడింటిలో ఒకటి: వీడియోని ఆపేస్తారు, లేదా ప్రకటనల డబ్బు వాళ్లకు పోతుంది, లేదా ఊరికే లెక్క చూసుకుంటారు. ఛానల్‌కి మచ్చ పడదు. కాపీరైట్ రిమూవల్ రిక్వెస్ట్ వచ్చి వీడియో తీసేశారంటే మాత్రం అది అమెరికా చట్టం డీఎంసీఏ కింద ఒక మనిషి సంతకం పెట్టి ఇచ్చిన ఫిర్యాదు. స్ట్రైక్ పడేది దానికే.

వివరాల పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు, హక్కుదారు పేరు, పోలింది ధ్వనా, దృశ్యమా, బాణీయా, ఏ తేదీ అన్నవన్నీ అందులో కనపడాలి. వివాదం ముందుకు కదిలాక ఈ పేజీ రూపు మారిపోతుంది.

రెండో మెట్టు: మీకు హక్కు ఉందా లేదా, నిజాయితీగా లెక్క వేసుకోండి

అసలు కష్టం ఇక్కడే. ఫారం నింపడం పది నిమిషాల పని.

ముందు ఏది రక్షణ కాదో చూద్దాం. "క్రెడిట్స్ టు ఓనర్" అని రాయడం రక్షణ కాదు. "30 సెకన్ల లోపు వాడుకోవచ్చు" అనే నియమం ఏ చట్టంలోనూ లేదు. డబ్బు సంపాదించట్లేదన్నది మీ వాదనకు కొంత బలం ఇస్తుందేమో గానీ అదొక్కటే చాలదు. వీడియో కింద "సెక్షన్ 107" అంటూ అతికించే ఇంగ్లిష్ పేరా అమెరికా చట్టానిది. భారతీయ హక్కుదారు మీద మన కోర్టులో దానికి విలువ లేదు. పాట పిచ్ మార్చడం, ఫ్రేమ్‌ని అద్దంలో లాగా తిప్పడం లాంటివి ఇంకా ప్రమాదం, ఎందుకంటే అవి తెలిసి చేశారనడానికి సాక్ష్యాలవుతాయి.

పాట విషయానికొస్తే, ఒక పాటలో కనీసం మూడు హక్కులుంటాయి: సాహిత్యం, బాణీ, రికార్డింగ్. సాహిత్యానికీ బాణీకీ రచయిత మరణించాక 60 ఏళ్లు. రికార్డింగ్‌కీ సినిమాకీ విడుదలయ్యాక 60 ఏళ్లు. ఆ ఏడు తర్వాత వచ్చే జనవరి 1 నుంచి లెక్క మొదలవుతుంది. దీన్ని మాయాబజార్ మీద వేసి చూడండి. సినిమా 1957లో వచ్చింది, కాబట్టి సినిమాగా దాని హక్కు 2017 డిసెంబరు 31తో ముగిసింది. కానీ మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు పోయింది 1971లో. ఆ రచన హక్కు 2031 చివరి దాకా ఉంటుంది. సంగీతం చేసిన ఘంటసాల పోయింది 1974లో, అంటే 2034 దాకా. కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి అంటారు, ఆయన 1999 వరకు ఉన్నారు. ఇక 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతి నుంచి క్లిప్ తీసుకుంటే అది మరో తగాదా. "పాత సినిమానే కదా" అనే మాట సగమే నిజం అనేది ఇందుకే.

అన్నమయ్య కీర్తనలతో వచ్చే చిక్కు ఇంకా చిత్రంగా ఉంటుంది. పదిహేనో శతాబ్దపు సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఆ కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుందే తప్ప స్వరం లేదు. ఈనాడు మనం పాడుకునే బాణీల్లో చాలావాటిని ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో పోయారు, నేదునూరి కృష్ణమూర్తి 2014లో. వాళ్ల బాణీలో మీరు పాడితే, గొంతు మీదే అయినా, బాణీ మీద క్లెయిమ్‌కి ఆధారం ఉంటుంది. త్యాగరాజ కృతుల సంగతి వేరు. సాహిత్యం, సంగీతం రెండూ ఆయనవే, ఆయన పోయింది 1847లో. శిష్యపరంపరలో వచ్చిన పాఠాంతరాన్ని మీరే పాడి మీరే రికార్డు చేసుకుంటే క్లెయిమ్ నిలవకూడదు. అయినా పడుతుంది, ఎందుకంటే ఏదో కంపెనీ తన ఆల్బంలోని అదే కృతిని నమూనాగా ఇచ్చి ఉంటుంది, యంత్రానికి ఇద్దరు గాయకులు ఒకే రాగంలో ఒకే కృతి పాడుతున్నారని తెలియదు. ఇలాంటివి తప్పకుండా పోట్లాడాల్సిన క్లెయిమ్‌లు.

సమీక్షల దగ్గర కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52(1)(ఎ) మీకు అండ. విమర్శకు, సమీక్షకు, వర్తమాన సంఘటనల వార్తలకు న్యాయమైన వాడకాన్ని అది ఉల్లంఘన కాదంటుంది. ఎంత వాడితే న్యాయం? 1996లో కేరళ హైకోర్టు సివిక్ చంద్రన్ కేసులో మూడు ప్రశ్నలు పెట్టింది: తీసుకున్న భాగం మీ వ్యాఖ్యతో పోలిస్తే ఎంత, ఏ ఉద్దేశంతో తీసుకున్నారు, అది అసలు రచనకు పోటీ అవుతుందా. దీన్ని ఎడిటింగ్ టేబుల్ మీదకు తెస్తే ఇలా ఉంటుంది. క్లిప్ నడుస్తుండగానే మీ గొంతు వినిపించాలి. ఆ క్లిప్ గురించే మాట్లాడుతుండాలి. ఆ మాటకు అవసరమైన పది, పదిహేను సెకన్లతో ఆపేయాలి. పాట, క్లైమాక్స్, కామెడీ బిట్ మొత్తంగా పెట్టకూడదు, ఎందుకంటే జనం అది చూడ్డానికే వస్తే మీ వీడియో సమీక్ష కాదు, పోటీ. నేపథ్యంలో సినిమా పాట ఊరికే నడపడం సమీక్షకుల్లో అందరూ చేసే పొరపాటు. ఆ పాట మీద విమర్శ చేయట్లేదు కాబట్టి సెక్షన్ 52 దాన్ని కాపాడదు.

పెళ్లి లైవ్‌లు తీసే స్టూడియోలకు ఒక గమనిక. పెళ్లిలో, ఊరేగింపులో పాట మోగించడం సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) ప్రకారం ఉల్లంఘన కాదు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం కూడా ఒక ప్రకటనలో ఈ మాట గుర్తుచేసింది. అయితే ఆ మినహాయింపు మండపానికి. దాన్నే యూట్యూబ్‌లో ప్రపంచానికి ప్రసారం చేయడానికీ వర్తిస్తుందన్న భరోసాతో పని చేయకండి. ఆచరణలో జరిగేది ఏమిటంటే, సరిగ్గా తలంబ్రాల వేళకు డీజే సినిమా పాట వేస్తాడు, లైవ్ ఆగిపోయి ఒక బొమ్మ వస్తుంది, అమెరికాలో ఉన్న బంధువులు ఫోన్లు మొదలుపెడతారు. దీనికి చికిత్స మిక్సర్ దగ్గరే ఉంది. పురోహితుడి మైకు, నాదస్వరం మైకు మాత్రమే కెమెరాకి ఇచ్చే లైనులో పెట్టి, డీజే ఛానల్‌ని ఆ లైనులోంచి తీసేయండి. మండపంలో పాట మోగుతూనే ఉంటుంది, లైవ్‌లోకి దాదాపు రాదు. కెమెరాకున్న మైకు కట్టేయడం మరవకండి, సగం స్టూడియోలు అక్కడే దొరికిపోతాయి.

మూడో మెట్టు: కంటెంట్ ఐడీ వివాదం

క్లెయిమ్ న్యాయమే అనిపిస్తే గొడవ వద్దు. స్టూడియోలోనే ఆ భాగాన్ని కత్తిరించవచ్చు, పాట తీసేయవచ్చు, వేరే పాట పెట్టవచ్చు. లింకు మారదు, వ్యూస్ పోవు. వీడియో మొత్తం తీసి మళ్లీ ఎక్కించేవాళ్లు అనవసరంగా నష్టపోతున్నారు.

పోరాడదలిస్తే మొదటి గడువు 5 రోజులు. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు వివాదం వేస్తే మొదటి రోజు నుంచి వచ్చే డబ్బంతా యూట్యూబ్ విడిగా పట్టి ఉంచుతుంది, నెగ్గినవాళ్లకు ఇస్తుంది. తర్వాత వేస్తే వేసిన రోజు నుంచే పట్టి ఉంచుతుంది. వీడియోకి డబ్బొచ్చేది మొదటి వారంలోనే కాబట్టి ఈ 5 రోజులు ముఖ్యం.

వివాదం వేశాక హక్కుదారుకి 30 రోజులు ఉంటుంది. ఈలోపు ఉలుకూ పలుకూ లేకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. వాళ్లు "కాదు, మాదే" అంటే మీరు అప్పీల్ చేయవచ్చు, అప్పుడు వాళ్ల గడువు 7 రోజులు. అప్పీల్‌ని తిరస్కరించాలంటే మాత్రం వాళ్లు చట్టబద్ధమైన తొలగింపు ఫిర్యాదు ఇవ్వాల్సిందే, అంటే మీకు స్ట్రైక్. అందుకే అప్పీల్ బటన్ నొక్కే ముందు ఆగి చూసుకోండి. అప్పటి వరకు మీకు పోయేది డబ్బు, ఆ తర్వాత పోయేది ఛానల్ కావచ్చు. వీడియోని పూర్తిగా బ్లాక్ చేసిన క్లెయిమ్‌లకు మొదటి మెట్టు దాటేసి నేరుగా అప్పీల్‌కి వెళ్లే వీలుంది. త్వరగా తేలుతుంది, రిస్కూ త్వరగా వస్తుంది. ఒక్కోసారి ఫిర్యాదు 7 రోజుల తర్వాత అమలయ్యేలా వస్తుంది. ఆ వారంలోపు అప్పీల్ వెనక్కి తీసుకుంటే స్ట్రైక్ పడదు.

వివరణ పెట్టెలో కోపం, కన్నీళ్లు, "మేము చిన్న ఛానల్" లాంటివి రాయకండి. అవతల చదివేది చెన్నైలోనో ముంబైలోనో రోజుకి వందలు చూసే ఒక ఉద్యోగి. అందుకే సరళమైన ఇంగ్లిష్‌లో, అంకెలతో రాయడం మేలు. సమీక్షకైతే సారాంశం ఇలా ఉండాలి:

"ఈ వీడియో నిడివి 14 నిమిషాల 20 సెకన్లు. క్లెయిమ్ పడిన భాగం 3:12 నుంచి 3:31 వరకు, మొత్తం 19 సెకన్లు. ఆ 19 సెకన్లూ నా వ్యాఖ్యానం వినిపిస్తూనే ఉంది. ఆ దృశ్యం కూర్పు ఎందుకు కుదరలేదో అందులో వివరించాను. ఆ దృశ్యం మొత్తంగా గానీ, సంగీతం విడిగా గానీ వాడలేదు. భారత కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52(1)(ఎ) ప్రకారం ఇది సమీక్ష కోసం చేసిన న్యాయమైన వాడకం."

కీర్తన అయితే: సాహిత్యం ఎవరిది, ఆయన ఏ శతాబ్దం వారు, బాణీ ఎవరిది, పాడింది ఎవరు, ఎక్కడ, ఏ తేదీన, ముడి రికార్డింగ్ మీ దగ్గర ఉంది. ఈ నాలుగు వాక్యాలు చాలు.

నాలుగో మెట్టు: స్ట్రైక్ పడ్డాక

90 రోజుల్లో 3 స్ట్రైక్‌లు పడితే ఛానల్, దానితో ముడిపడిన ఇతర ఛానళ్లు, వాటిలో ఉన్న వీడియోలన్నీ పోతాయి. పార్ట్‌నర్ ప్రోగ్రాంలో ఉన్న ఛానల్‌కి మూడో స్ట్రైక్ తర్వాత ఇంకో 7 రోజులు ఇస్తారు. ఆ వారంలో కొత్త వీడియోలు ఎక్కించలేరు గానీ, ఫిర్యాదు తప్పని చెప్పే కౌంటర్ నోటిఫికేషన్ వేస్తే అది తేలేవరకు ఛానల్ నిలబడుతుంది.

వీడియో డిలీట్ చేస్తే స్ట్రైక్ పోదు. క్రియేటర్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. పైగా సాక్ష్యం పోతుంది.

స్ట్రైక్ తొలగడానికి మూడు దారులున్నాయి. కాపీరైట్ స్కూల్ అనే యూట్యూబ్ పాఠం పూర్తిచేసి 90 రోజులు ఆగడం ఒకటి. తప్పు మీదే అయి, ఇంకే స్ట్రైకూ లేకపోతే ఇదే తెలివైన పని. ఫిర్యాదు చేసినవాళ్లతో మాట్లాడి వాళ్లచేత వెనక్కి తీయించుకోవడం రెండోది. స్టూడియోలోనే వాళ్ల ఈమెయిల్ కనిపిస్తుంది. మర్యాదగా, క్లుప్తంగా, వీడియో లింకుతో రాయండి. "పొరపాటున జరిగింది, మళ్లీ చేయను" అని రాస్తే అది ఒప్పుకోలు అవుతుంది కాబట్టి, నిజంగా తప్పు చేసి ఉంటేనే ఆ మాట రాయండి. మూడోది కౌంటర్ నోటిఫికేషన్.

వెనక్కి తీసుకోవడానికి డబ్బు అడిగితే? 2025 మేలో దేశమంతా చర్చ జరిగింది దీని మీదే. కొన్ని సెకన్ల వార్తా దృశ్యాలకు స్ట్రైక్‌లు వేసి, తొలగించాలంటే లక్షల రూపాయల లైసెన్సు కొనాలన్నారని యూట్యూబర్లు ఆరోపించారు. లైసెన్సు అమ్ముకోవడం హక్కుదారు హక్కే. కానీ ఆ బేరాన్ని నడిపించేది న్యాయస్థానం కాదు, 90 రోజుల గడియారం. రెండు స్ట్రైక్‌ల మీద ఉన్నవాడికి సెక్షన్ 52 కింద గెలిచే కేసు ఉన్నా బేరానికి ఒప్పుకుంటాడు. చట్టం ఇచ్చిన మినహాయింపు ప్లాట్‌ఫాం నియమంలో ఆవిరైపోయేది ఇక్కడే. డబ్బు మాట ఎవరైనా ఫోన్లో చెబితే, "మెయిల్‌లో పంపండి" అనండి. రాతపూర్వకంగా వచ్చిన డిమాండే తర్వాత మీకు పనికొస్తుంది.

ఐదో మెట్టు: కౌంటర్ నోటిఫికేషన్

ఇది కస్టమర్ సర్వీస్ ఫారం కాదు, చట్టపరమైన ప్రకటన. వీడియోని పొరపాటుగానో, వేరేదిగా భ్రమపడో తీసేశారని మీరు నమ్ముతున్నట్టు, అబద్ధమైతే శిక్షకు లోబడతానని అమెరికా చట్టం కింద ప్రమాణం చేస్తారు. పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, సంతకంగా పూర్తి పేరు ఇవ్వాలి. అమెరికా బయట ఉన్నవాళ్లు యూట్యూబ్ ఉన్న ప్రాంతపు ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నట్టు రాయాలి.

ఈ వివరాలన్నీ ఫిర్యాదు చేసినవాళ్లకు యథాతథంగా వెళ్తాయి. రాజకీయ వ్యంగ్యం చేసేవాళ్లు, అసలు పేరు దాచుకుని రాసేవాళ్లు ఇక్కడ ఆలోచించాలి. ఒక దొంగ ఫిర్యాదుతో మీ చిరునామా బయటపెట్టించవచ్చు, అలాంటి ఉద్దేశంతో ఫిర్యాదులు వేసేవాళ్లూ ఉంటారు. లాయర్ ద్వారా వేస్తే మీ తరఫున ఆయన వివరాలు ఇవ్వవచ్చు. ఫీజు ఖర్చే అయినా, ఇంటి అడ్రసు కంటే చవక.

యూట్యూబ్ దాన్ని ఆమోదించి పంపాక అవతలివాళ్లకు అమెరికా లెక్కన 10 పనిదినాలు. సంక్రాంతి, ఉగాది సెలవులు అందులో లెక్కకు రావు, వాళ్ల సెలవులు వస్తాయి. క్యాలెండర్ మీద రెండు వారాలు దాటుతుంది. ఈలోపు కోర్టులో చర్య మొదలుపెట్టిన ఆధారం చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది, స్ట్రైక్ పోతుంది. చాలా దొంగ ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి, ఎందుకంటే కేసు వేయాలంటే డబ్బూ ముఖమూ రెండూ కావాలి.

తిరస్కరణకు మామూలు కారణాలు: అడ్రసు అసంపూర్ణం, ఛానల్ పేరే మనిషి పేరుగా ఇవ్వడం, "నాకు ఈ వీడియో కావాలి" అన్నారే తప్ప ఎందుకు తప్పో చెప్పకపోవడం. అన్నీ దిద్దుకుని మళ్లీ వేయవచ్చు.

తెలిసి తెలిసి దొంగ ఫిర్యాదు ఇచ్చినవాళ్ల మీద అమెరికా చట్టంలో నష్టపరిహారం కోరవచ్చు. ఒక తల్లి 2007లో తన పసివాడు పాటకి గెంతుతున్న 29 సెకన్ల వీడియో పెట్టినందుకు యూనివర్సల్ సంగీత సంస్థతో ఏళ్ల తరబడి పోరాడింది. 2015లో అక్కడి అప్పీల్ కోర్టు, ఫిర్యాదుకు ముందు న్యాయమైన వాడకమేమో చూసుకోవాల్సిందేనని చెప్పింది. కానీ ఫిర్యాదు చేసినవాళ్లు "మేము నిజంగానే అలా నమ్మాం" అంటే చాలావరకు తప్పించుకుంటారు. ఆ సెక్షన్‌ని నమ్ముకుని వ్యూహం వేయకండి.

ఆరో మెట్టు: లాయర్ నోటీసు వస్తే

నోటీసుని పారేయకండి, అందులో అడిగినంత డబ్బు కట్టేయకండి. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. 2022 మేలో సుప్రీంకోర్టు నిట్‌ప్రో కేసులో ఇది కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరమని తేల్చింది. అంటే వారంటు లేకుండా అరెస్టు చేసే వీలుంది, బెయిలు హక్కుగా రాదు. నోటీసుల్లో ఈ సెక్షన్ తప్పకుండా ఉంటుంది, భయపెట్టడానికి దానికి మించినది లేదు.

మీ వైపు సెక్షన్ 60 ఉంది. ఆధారం లేని బెదిరింపు నోటీసు వస్తే మీరే సివిల్ కోర్టుకి వెళ్లి, ఇది ఉల్లంఘన కాదని ప్రకటించమని, బెదిరింపులు ఆపమని, నష్టపరిహారం ఇప్పించమని అడగవచ్చు. అవతలివాళ్లు వెంటనే నిజంగానే కేసు వేసి నడిపిస్తే ఇది పనిచేయదు. బేరం కోసం నోటీసులు పంపేవాళ్ల మీద మాత్రం జవాబులో ఈ సెక్షన్ ప్రస్తావించడమే సగం పని చేస్తుంది.

ఈలోపు సాక్ష్యం భద్రపరచండి: ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలు, ముడి ఫుటేజీ, కొన్న సంగీతానికి రసీదు, లైసెన్సు, స్క్రీన్‌షాట్లు. ఒక్కో ఫైలుకి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు కొంచెం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంకేతం) తీసి నోట్ చేసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 ప్రకారం డిజిటల్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయాలి. ఏడాది తర్వాత తీస్తే మధ్యలో మార్చలేదని నిరూపించడం కష్టం.

ఏడో మెట్టు: మన చట్టం ప్లాట్‌ఫాంకి ఏం చెబుతుంది

యూట్యూబ్ ఇచ్చే 10 పనిదినాలు అమెరికావి. మన దగ్గర సెక్షన్ 52(1)(సి), 2013 కాపీరైట్ రూల్స్‌లోని 75వ రూలు కలిపి చదవాలి. లింకులు, యాక్సెస్ ఇచ్చే క్రమంలో తాత్కాలికంగా ప్రతి నిలవ ఉంచే సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు అందితే, అది సరైనదని తోస్తే 36 గంటల్లోపు యాక్సెస్ ఆపాలి. 21 రోజుల్లోపు ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవవచ్చు. ఇక్కడ "తెరవాలి" అని లేదు, "తెరవవచ్చు" అనే ఉంది. వీడియో పెట్టినవాడి వాదన వినాలని కూడా ఆ రూల్లో లేదు. సృష్టికర్తల వైపు నుంచి చూస్తే మన చట్టంలో ఇదే పెద్ద లోటు. అయినా మీ కంటెంట్ భారతీయ హోస్టింగ్ మీద ఉంటే, 22వ రోజున ఉత్తర్వు నకలు చూపమని, లేకపోతే పునరుద్ధరించమని మెయిల్ రాయండి. అడిగితే తెరిచే చిన్న కంపెనీలు ఉంటాయి, అడగకపోతే ఎవరూ తెరవరు.

ప్లాట్‌ఫాంలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ నిర్ణయం మీకు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం 2023లో మొదలుపెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీల్ చేయవచ్చు. ఫీజు లేదు.

ఎనిమిదో మెట్టు: సైటే బ్లాక్ అయితే

సినిమా విడుదలకు ముందు నిర్మాతలు హైకోర్టుకి వెళ్లి, ఇంకా తెలియని ప్రతివాదుల మీద ముందస్తు ఉత్తర్వు తెచ్చుకోవడం మామూలైంది. దీన్ని జాన్ డో ఆర్డర్ అంటారు, మన దగ్గర అశోక్ కుమార్ ఆర్డర్ అని కూడా. 2012 మేలో మద్రాసు హైకోర్టు ఇచ్చిన అలాంటి ఉత్తర్వు ఆధారంగా తమిళ సినిమా '3', తెలుగు 'దమ్ము' కోసం ఇంటర్నెట్ కంపెనీలు ఏకంగా విమియో, పేస్ట్‌బిన్ సైట్లనే మూసేశాయి. సినిమాతో సంబంధంలేని లక్షల పేజీలు కూడా పోయాయి. ఆ జూన్‌లో కోర్టు, ఉల్లంఘన ఉన్న నిర్దిష్ట లింకులనే ఆపాలని స్పష్టం చేసింది. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి ఢిల్లీ హైకోర్టు బ్లాక్ చేయమన్న 472 సైట్ల జాబితాలో గూగుల్ డాక్స్ కూడా ఉంది. తర్వాత ఆ జాబితాను 219కి తగ్గించారు. 2017 ఆగస్టులో పాత వెబ్ పేజీలు, పుస్తకాలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ దేశంలో తెరుచుకోలేదు. 2,600కి పైగా సైట్లున్న బ్లాక్ జాబితాలో దాని పేరూ చేరింది. 2016లో 'డిషూం' సినిమా విషయంలో బాంబే హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ మాత్రం పరిశీలించిన లింకుల జాబితా తెస్తే గాని ఉత్తర్వు ఇవ్వనన్నారు. ఆ పద్ధతి నిలబడలేదు. 2019లో ఢిల్లీ హైకోర్టు, అదే సరుకుతో వేరే పేరు మీద వచ్చే అద్దం సైట్లను కూడా చేర్చుకుంటూ పోయే డైనమిక్ ఉత్తర్వులకు దారి తెరిచింది. 2023లో ఇంకా పుట్టని సినిమాలకూ వర్తించే ఉత్తర్వు వచ్చింది. అదే ఏడాది నుంచి కోర్టుతో పనిలేకుండా సమాచార ప్రసార శాఖ నోడల్ అధికారులు 48 గంటల్లో సినిమా పైరసీ లింకులు తీయించే ఏర్పాటూ వచ్చింది.

మీ సైటు ఆ వలలో పడిందని అనుమానం వస్తే ముందు నిర్ధారించండి. రెండు మూడు కంపెనీల నెట్ మీద, ఒకసారి మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. ఒక కంపెనీలోనే రాకపోతే, సైటు పేరుని దాని ఇంటర్నెట్ అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ మార్చి చూడండి. అప్పుడు తెరుచుకుంటే ఆపింది డీఎన్‌ఎస్ దగ్గర. డీఎన్‌ఎస్ మార్చినా కనెక్షన్ మధ్యలో తెగిపోతుంటే సైటు పేరు చూసి ఆపుతున్నారని అర్థం. ఊనీ ప్రోబ్ అనే ఉచిత యాప్ ఈ పరీక్షలు చేసి తేదీతో సహా ఫలితం నమోదు చేస్తుంది, కోర్టుకి చూపడానికి అది పనికొస్తుంది. డొమైన్‌నే, అంటే సైటు పేరునే, అది అమ్మిన రిజిస్ట్రార్ ఆపేస్తే ప్రపంచంలో ఎక్కడా తెరుచుకోదు. అప్పుడు రిజిస్ట్రార్‌కి రాసి ఏ ఉత్తర్వు కింద ఆపారో అడగండి.

తర్వాత ఇంటర్నెట్ కంపెనీ నోడల్ అధికారికి మెయిల్ చేసి, కేసు నంబరు, కోర్టు, తేదీ అడగండి. కేసు నంబరు దొరికితే హైకోర్టు సైటులో ఉత్తర్వు నకలు తీసి, జాబితాలో మీ డొమైన్ మొత్తంగా ఉందా, ఒక పేజీ మాత్రమే ఉందా చూడండి. ఒకే పేజీ అయితే ఆ పేజీ తీసేసి, డొమైన్‌ని విడిచిపెట్టమని నిర్మాత లాయర్‌కి రాస్తే చాలాసార్లు వారంలో తేలిపోతుంది. వినకపోతే అదే దావాలో రెండు దరఖాస్తులు వేయాలి: మిమ్మల్ని ప్రతివాదిగా చేర్చమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 10 కింద, ఉత్తర్వు సవరించమని ఆర్డర్ 39 రూల్ 4 కింద. సైటులో మొత్తం ఎన్ని పేజీలున్నాయి, ఆరోపణ ఉన్నవి ఎన్ని, అవి ఎప్పుడు తీసేశారు అన్న పట్టికను అఫిడవిట్‌కి జతచేయండి. సవరించిన ఉత్తర్వు వచ్చాక కూడా కంపెనీలు వాటంతటవి తెరవవు. కోర్టు ఉత్తర్వు నకలుని టెలికాం శాఖకూ, సైటు ఆపిన ప్రతి కంపెనీకీ విడివిడిగా పంపి, మళ్లీ అదే ఊనీ పరీక్షతో ఒక్కొక్కరు తెరిచారో లేదో చూసుకోవాలి.